పగటిపూట వెలిగిన మెట్ల దీపాలు

కర్నూల్లో నాకు దొరికిన ఉద్యోగం ఎలాంటిదో కడపలో ఉన్న మా అమ్మకు చెప్పడానికి చాలా అవస్థ పడ్డాను. "కరెంటు ఉన్నంతసేపూ వెలగని దీపాలమ్మా అవి. కరెంటు పోతే వెలగాలి. నిజంగా వెలుగుతాయో లేదో నెలకోసారి చూడాలి. అదీ నా పని" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "అంటే వెలగని దీపాలకు కాపలా ఉంటావన్నమాట. సర్లే నాయనా, గవర్నమెంటు పనే గదా" అంది.

ఈ లైన్లోకి కొత్తగా వచ్చే పిల్లలు కూడా ఆ పనిని అంత తేలిగ్గానే చూస్తారు. సబ్‌స్టేషన్ పని అంటే ఛాతీ విరుచుకుంటారు. మెట్ల మీది బ్యాటరీ దీపం చూసి రమ్మంటే మొహం పక్కకు తిప్పుకుంటారు. వాళ్లను తప్పుపట్టను. నేనూ మొదట అలాగే తిప్పుకున్నాను. తర్వాత ఒక వేసవిలో ఆ దీపాలు నాకు చూపించినది ఎంత పెద్ద స్విచ్‌యార్డూ చూపించలేదు. ఆ సంగతి ఒకసారి కూర్చుని రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

కర్నూలు రాజధాని అయిన రోజులవి. ఆఫీసులు గుడారాల్లో నడిచేవి. ఎండాకాలం సుడిగాలి వచ్చిందంటే ఫైళ్ల కాగితాలు తుంగభద్ర దిక్కుకు ఎగిరిపోతుంటే బంట్రోతులు వెంటపడి పట్టుకొచ్చేవాళ్లు. మద్రాసు నుంచి వచ్చిపడిన గుమాస్తాల కుటుంబాలకు ఇళ్లు దొరికేవి కావు. వాళ్ల కోసం ఊరి చివర మూడంతస్తుల మేడ ఒకటి హడావుడిగా కట్టారు. స్థలం కలిసొస్తుందని మెట్లను మేడ నడిబొడ్డున పెట్టి, చుట్టూ రాతిగోడలు లేపారు. కిటికీ అనేది లేదు. పట్టపగలు కూడా గోడకు చేయి ఆనించుకుని, పాదంతో తడుముకుంటూ ఎక్కాల్సిందే. సాయంత్రం పొద్దుగూకాక వాచ్‌మన్ మామూలు దీపాలు వేసేవాడు, తెల్లవారాక తీసేసేవాడు. పగలు మెట్ల మీద దీపం వేయకూడదని ఆఫీసు రూలు. మెట్ల దగ్గర పగలనేది రాదన్న సంగతి ఆ రూలు రాసినాయనకు ఎవరూ చెప్పినట్టు లేరు.

ఒక సాయంత్రం కరెంటు పోయినప్పుడు ఒక గుమాస్తా నీళ్ల బిందెతో సహా దొర్లి కాలు విరగ్గొట్టుకున్నాడు. దాంతో పైనుంచి ఆర్డరు వచ్చింది. ఒక్కో మలుపులో గోడకు ఒక దీపం, మెట్ల కింది చిన్న గదిలో వరసగా గాజుతొట్ల బ్యాటరీలు. కరెంటు పోయిన క్షణంలో రిలే అనే స్విచ్చు దానంతటదే 'టక్'మని పడి, బ్యాటరీతో దీపాలు వెలగాలి. కడపలో నేను పనిచేసిన సినిమా హాల్లో తలుపుల మీద ఇలాంటివే ఉండేవి. ఆ అనుభవం ఉన్నవాడు కావాలని వెతుకుతుంటే నేను దొరికాను. టెంపరరీ పోస్టు. దీపాలు ఉన్నన్నాళ్లే నేనూ ఉంటాను.

నాకు పైవాడు మా పెద్దమేస్త్రీ. పాత కర్నూలు ముస్లిం. నవాబుల కాలం నాటి ఇంట్లో పుట్టానని గొప్పగా చెప్పుకునేవాడు. ఆ ఇంటికి మాత్రం ఇంకా కరెంటు లేదు. ఊరందరి ఇళ్లకూ తీగలు లాగిన మనిషి తన ఇంట్లో లాంతరు పెట్టుకునేవాడు. ఎందుకని అడిగితే, "మా ఆమె వద్దంటాది మియా. కరెంటు వస్తే నేను ఇంట్లో గూడా పని చేస్తానని భయం" అనేవాడు.

మా పరీక్ష పెద్ద విద్యేమీ కాదు. నెలకొకసారి ఉదయం పూట వెళ్లి మేడ మొత్తానికి మెయిన్ స్విచ్ లాగేయడం. దీపాలు వెలగాలి, గంటసేపు మసకబారకుండా ఉండాలి. ఆ తర్వాత బ్యాటరీ ఆసిడ్‌లో హైడ్రోమీటరు పెట్టి చూడటం. గాజు గొట్టంలో చిన్న తేలుడు బుడ్డి ఉంటుంది. బ్యాటరీలో బలం ఉంటే అది పైకి తేలుతుంది, లేకపోతే మునుగుతుంది. అంతే.

కానీ ఆ గంటసేపూ మేడలో ఫ్యాన్లు ఆగిపోయేవి. రేడియోలు మూగబోయేవి. నన్ను చూస్తే చాలు, తలుపులు వేసుకునేవాళ్లు. ఒక్క మనిషి మాత్రం తలుపు తీసుకుని వచ్చి మెట్ల మీద నిలబడేది. పై అంతస్తులో ఉండే అవ్వ. రాయచోటి వైపు భూములున్న రైతు కుటుంబం ఆమెది. కొడుకు సెక్రటేరియట్‌లో పెద్ద గుమాస్తా. కొంగు నడుముకు దోపుకుని, నేను మెట్ల మొదట్లో గోడకున్న స్విచ్చుల పెట్టె మూత తీసి ఏం చేస్తున్నానో వంగి చూసేది.

"ఏమప్పా, దీపం వెలుగుతాదో లేదో చూసేదానికి మా గాలి యాల ఆపుతాండావు?" అంది ఒకరోజు.

"కరెంటు పోతేనే గదవ్వా అవి వెలిగేది."

"వేరే దోవ లేదా?"

నాకు తెలిసిన విద్య ఒకరు అడిగితే చెప్పకుండా ఉండలేని వయసు అది. పెట్టెలో ఉన్న చిన్న మీటను చూపించాను. అది కిందికి నొక్కితే మేడలో కరెంటు పోకుండానే దీపాలు వెలుగుతాయి, బల్బులు మాడిపోయాయేమో చూసుకోవడానికి పెట్టిన ఏర్పాటు అని చెప్పాను. నొక్కి చూపించాను కూడా. మూడు మలుపుల్లోనూ దీపాలు వెలిగాయి. అవ్వ పైకీ కిందికీ చూసి, "శానా బాగుండాది" అంది. ఆ మెచ్చుకోలుకు నేను ఉబ్బిపోయి ఇంటికి వెళ్లాను.

ఎండలు ముదిరాయి. ఆ నెల పరీక్షకు మెయిన్ లాగితే దీపాలు వెలిగి, కాసేపటికే గుడ్లగూబ కళ్లు మూసుకున్నట్టు మెల్లగా మూసుకుపోయాయి. తేలుడు బుడ్డి అడుక్కి మునిగిపోయింది. కనెక్షన్లు విప్పి శుభ్రం చేశాను. డిస్టిల్డ్ వాటర్ పోశాను. మళ్లీ చూస్తే మళ్లీ అంతే. పెద్దమేస్త్రీ వచ్చి బ్యాటరీల ఛార్జరు మొత్తం విప్పి నేలమీద పరిచాడు. ఏ లోపమూ కనబడలేదు. తిరిగి బిగించేటప్పుడు ఒక మర మిగిలింది. ఆ మర ఎక్కడిదో మాకు ఈనాటికీ తెలియదు. అది లేకుండానే ఛార్జరు పనిచేసింది. ఆసిడ్ చింది ఆయన కొత్త పైజామాకు జల్లెడలా చిల్లులు పడ్డాయి. వారం రోజులు ఆయన ఎక్కడికి పోయినా చేత్తో ఫైలు అడ్డం పెట్టుకునే తిరిగాడు.

వాచ్‌మన్‌ను అడిగాం. కోసిగి నుంచి కరువుకు వలస వచ్చి, మేడ కట్టేటప్పుడు రాళ్లు మోసి, కట్టాక అక్కడే కాపలాగా నిలిచిపోయిన మనిషి. "నాకేం తెల్సప్పా, నేను బైట గేటు కాడ ఉంటా" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు నా మొహం చూడకుండా గేటు వైపే చూశాడు. అప్పుడు నాకు తట్టలేదు.

అదే సమయంలో కబురు వచ్చింది. పెద్ద ఇంజనీరుగారు స్వయంగా వచ్చి చూస్తారట. ఆయనకు ఈ బ్యాటరీ దీపాల మీద మొదటినుంచీ నమ్మకం లేదు. గంటసేపు వెలిగితే సరి, లేకపోతే అన్నీ పీకించి, అంతస్తుకు ఒక లాంతరు వేలాడదీయిస్తారట. దీపాలతో పాటు నా పోస్టూ పీకేసినట్టే.

పెద్దమేస్త్రీ బీడీ వెలిగించి చాలాసేపు ఆలోచించాడు. "బ్యాటరీ అంటే ఎద్దు మాదిరి మియా. మేత పెడ్తాండావు. పని చేపిస్తాలేవు. అయినా చిక్కిపోతాండాది. అంటే ఏమి?"

"జబ్బు చేసిందేమో."

"జబ్బు లేదని చూస్తిమి గదా. ఎవరో నీకు తెలీకుండా దాంతో దుక్కి దున్నుతాండారు. నువ్వు ఎప్పుడూ పొద్దున్నే పోతాండావు. ఈసారి వేరే యాళకు పోయి చూడు."

మరుసటి రోజు మధ్యాహ్నం అన్నం తిని బయలుదేరాను. కర్నూల్లో ఆ ఎండకు కాకి కూడా బయటికి రాదు. వాచ్‌మన్ నన్ను దూరం నుంచే చూసి, ఏదో పని ఉన్నట్టు గబగబా లోపలికి నడవబోయాడు. నేను సైకిలు మీద ఉన్నాను కాబట్టి ముందు చేరుకున్నాను. మెట్ల మొదట్లో అడుగు పెట్టగానే చల్లగా తగిలింది. బయట నిప్పుల కొలిమి, లోపల రాతిగోడల మధ్య బావిలోకి దిగినట్టుంది. పైనుంచి గొంతులు వినబడుతున్నాయి. ఒక మలుపు ఎక్కి చూశాను.

నా దీపాలన్నీ వెలుగుతున్నాయి. ఆ వెలుతురులో మెట్టుకు ఇద్దరు ముగ్గురు చొప్పున ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. అందరి ఒళ్లోనూ పలకలు. మధ్యలో కింది అంతస్తులో అన్నతో ఉండే నర్సమ్మ నిలబడి ఉంది. జమ్మలమడుగు దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చిన క్రైస్తవుల అమ్మాయి. పెద్దాసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు ఇంట్లో ఉండేది. "గుడి ఎక్కడ పెట్టినావు పెద్దమ్మా? అది గుడి కాదు, తలకట్టు అయ్యింది" అంటోంది. ఆ పెద్దమ్మ ఎవరో కాదు, మా అవ్వే.

నన్ను చూసి అందరూ బిగుసుకుపోయారు. ఎవరిదో బలపం మెట్ల మీద దొర్లుకుంటూ వచ్చి నా కాలి దగ్గర ఆగింది. దాన్ని తీసి ఇద్దామని చూస్తే, అందుకోవడానికి చేయి చాపింది వాచ్‌మన్ భార్య. గేటు దగ్గర ఆయన చూపులు ఎందుకు పక్కకు పోయాయో అప్పుడు అర్థమైంది.

"దొరికిపోతిమి" అంది అవ్వ. ఆ గొంతులో భయమేమీ లేదు.

నాకు నవ్వూ వచ్చింది, ఉద్యోగమూ గుర్తొచ్చింది. "ఎన్నాళ్ల నుంచి నర్సమ్మా?" అని అడిగాను.

"ఎండలు మొదలైనప్పటి నుంచి" అంది నర్సమ్మ. "మెట్ల కాడ పగలు ఒక్క దీపం ఇయ్యమని ఆఫీసులో అడిగినాం. పగలు దీపమెందుకు అన్నారు. పెద్దమ్మకు ఈ మీట సంగతి తెలిసుండాది. మీరే చూపించినారంట."

"ఎవరింట్లోనైనా కూర్చోవచ్చు గదా. ఈ మెట్ల మీదే ఎందుకు?"

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి అవ్వే అంది.

"ఎవరింట్లో కూకోవల్లప్పా? మా ఇంట్లో అంటే, మా కోడలు వాచ్‌మన్ పెండ్లాన్ని గడప దాటనీదు. నర్సమ్మ ఇంట్లో అంటే, ఆ నడిమింటామె ఆడ నీళ్లు గూడా ముట్టదు. నడిమింట్లో అంటే నన్ను వసారాలోనే కూకోబెడ్తారు. ఈ మెట్లయితే ఎవరివీ కావు. యాడ ఖాళీ ఉంటే ఆడ కూకుంటాం."

నడి అంతస్తులో ఉండే ఆ నడిమింటామె తల వంచుకుని పలక మీద ఏదో దిద్దుకుంటోంది. ఆమె పక్కనే, మోకాలికి మోకాలు తగిలేటట్టు వాచ్‌మన్ భార్య కూర్చుని ఉంది. నాకు ఇంకేమీ అడగాలనిపించలేదు. ఇంజనీరుగారు వస్తున్న సంగతి మాత్రం చెప్పి, మీట పైకి లేపి వచ్చేశాను. నా వెనక మెట్లన్నీ చీకటైపోయాయి.

పెద్దమేస్త్రీకి చెబితే ఆయన నవ్వుకు పక్క గుడారంలోని గుమాస్తాలు లేచి వచ్చారు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, తన పనిముట్ల పెట్టె తెరిచి ఒక తాళం తీసి నా ముందు పెట్టాడు. "ఇదో. ఆ మీట పెట్టెకు వేస్తే పని అయిపోతాది. నేనైతే వేయను. నీ ఉద్యోగం, నీ ఇష్టం."

తాళం జేబులో వేసుకుని మళ్లీ వెళ్లాను. మెట్ల దగ్గర అవ్వ ఒక్కతే కూర్చుని ఉంది, నా కోసమే చూస్తున్నట్టు.

"తాళం తెచ్చినావా?"

"తెచ్చినా అవ్వా."

"వేసుకో నాయనా. నీ ఉద్యోగం పోతే ఆ పాపం మాకు." మళ్లీ తనే, "కానీ తాళం యాల? ఆ పెద్దసారు వచ్చి పోయేదాకా ముట్టుకోమని చెప్తాండా గదా. మా మాట సాలదా?" అంది.

అన్ని ఊళ్ల నుంచి వచ్చిన అంతమంది ఒక మాట మీద నిలబడతారా అని నాకు లోలోపల బెంగగానే ఉంది. అయినా తాళం జేబులోంచి తీయలేదు.

ఆ తర్వాతి రోజులు పండగ ముందరి రోజుల్లా గడిచాయి. మా ఛార్జరు నిదానంగా పనిచేస్తుంది, కరెంటు చూస్తే మాటిమాటికీ పోతుంది. పెద్దమేస్త్రీ బస్సుల షెడ్డుకు వెళ్లి, తనకు బాగా తెలిసిన మెకానిక్‌ను బతిమాలి, పెద్ద ఛార్జరును జట్కాలో వేసుకుని పట్టుకొచ్చాడు. గుర్రం ఆ బరువు చూసి మొరాయిస్తే దిగి తనే వెనక నుంచి తోసుకుంటూ వచ్చాడు. వాచ్‌మన్ బ్యాటరీ గది గుమ్మంలో మంచం వేసుకుని పడుకున్నాడు. తనకేం తెలియదన్న మనిషి ఇప్పుడు ఎవరు అటు వచ్చినా లేచి నిలబడుతున్నాడు. నేను పూటపూటకూ హైడ్రోమీటరు పెట్టి చూస్తుంటే, "తేలిందా అప్పా?" అని అడిగేవాడు. "ఇంకా కొంచెం" అంటే దిగులుగా తల ఊపేవాడు.

ఆడవాళ్లు మాట తప్పలేదు. చదువు మాత్రం మానలేదు. మధ్యాహ్నం నేను బ్యాటరీల దగ్గర ఉంటే, చీకటి మెట్ల మీద నుంచి గుణింతాలు వినబడేవి. పలకలు పక్కన పెట్టి నోటితోనే వల్లె వేస్తున్నారు. క గుడిస్తే కి, క గుడిదీర్ఘమిస్తే కీ. రాతిగోడలకు తగిలి ఆ గొంతులు పై నుంచి కిందికి దొర్లుకుంటూ వచ్చేవి. నేను లోపల ఆసిడ్ గొట్టం పట్టుకుని తెలియకుండానే వాళ్లతో పాటు అనేవాణ్ణి.

ఇంజనీరుగారు వచ్చిన రోజు గాలి కూడా లేదు. ఆయన కోస్తా జిల్లాల మనిషి. ఇస్త్రీ మడత చెదరని తెల్లటి దుస్తులు, చేతిలో జేబుగడియారం. బ్యాటరీ గదిలోకి ఒకసారి తొంగి చూసి, నా వైపు తిరిగారు.

"ఇవి వెలుగుతాయటయ్యా?"

"వెలుగుతాయండి."

"పోయిన నెల వెలగలేదు కదా."

"వెలగలేదండి."

"మరి ఈ మధ్యలో ఏం చేశారు?"

నేను చేతిలోని హైడ్రోమీటరు తుడవడం మొదలుపెట్టాను. పెద్దమేస్త్రీ వెనక నుంచి, "బ్యాటరీకి రెస్టు ఇచ్చినామండి" అన్నాడు. ఇంజనీరుగారు ఆయన్ను ఒకసారి, ఆయన పైజామా చిల్లులను ఒకసారి చూసి, "కానివ్వండి" అన్నారు.

మెయిన్ లాగాను. మేడలో ఫ్యాన్లు ఒక్కసారిగా నిట్టూర్చినట్టు ఆగిపోయాయి. రిలే టక్‌మంది. మూడు మలుపుల్లోనూ దీపాలు కడిగిన ముత్యాల్లా వెలిగాయి. ఇంజనీరుగారు గడియారం చూసుకుని, మొదటి మలుపులో గోడకు ఆనుకుని నిలబడ్డారు. గంటసేపూ అక్కడే ఉండి కళ్లారా చూస్తారట.

ఫ్యాన్లు ఆగిన ఇళ్లలో మనుషులు ఎంతసేపు ఉంటారు? ఒక తలుపు తెరుచుకుంది. మరొకటి తెరుచుకుంది. ఒక్కొక్కరే విసనకర్రలతో వచ్చి మెట్ల మీద చల్లగా కూర్చున్నారు. ఎప్పటిలాగే ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ. ఎవరి చేతిలోనూ పలక లేదు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

కాసేపటికి అవ్వ దీపం వైపు తల ఎత్తి చూసింది. నా వైపు చూసింది. మళ్లీ దీపం వైపు చూసింది. వండిన అన్నం ఎవరూ తినకుండా పారబోస్తుంటే చూసినట్టు చూసింది.

"ఇది గంటసేపు మండల్లనా అప్పా?"

"అవునవ్వా" అన్నాను, వద్దన్నట్టు కనుసైగ చేస్తూ.

"ఊరికేనే?"

నేను జవాబు చెప్పే లోపే లేచి లోపలికి పోయింది. వచ్చేటప్పుడు పలక తెచ్చుకుంది. ఆమెను చూసి వాచ్‌మన్ భార్య కొంగు కింద నుంచి తన పలక తీసింది. తర్వాత నడిమింటామె. చూస్తుండగానే మెట్లన్నీ పలకలతో నిండిపోయాయి. నర్సమ్మ దిక్కుతోచక నా వైపు చూసింది. నేను పెద్దమేస్త్రీ వైపు చూశాను. ఆయన పైకప్పు వైపు చూశాడు.

"ఏమిటిదంతా?" అన్నారు ఇంజనీరుగారు.

అవ్వ లేచి నిలబడింది. "చదువుకుంటాండాం సారూ. పోయిన నెల ఈ దీపాలు ఆరిపోయింది మా వల్లనే. మేం పగలు వెలిగించుకోని వాటి బలమంతా తాగేసినాం. ఈ పిల్లోనిది తప్పేం లేదు. తాళం తెచ్చినాడు, మేమే వద్దంటిమి."

నాకు కడప బస్సు కళ్ల ముందు కనిపించింది. ఇంజనీరుగారు గోడ మీది దీపం పెట్టె వైపు చూపించారు. దాని మీద ఎర్ర రంగుతో తెలుగులో రాయించిన అక్షరాలున్నాయి. సినిమా బోర్డులు రాసేవాణ్ణి బతిమాలి నేనే రాయించాను.

"అదేమిటో చదువమ్మా" అన్నారు.

అవ్వ దగ్గరికి వెళ్లింది. వేలితో ఒక్కో అక్షరం ముట్టుకుంది. "అ... త..." అని ఆగింది. తకు కింద ఉన్న వత్తు దగ్గర చిక్కుకుపోయింది. నర్సమ్మ పెదవులు చెప్పాలని ఆడుతున్నాయి, గొంతు మాత్రం రానివ్వలేదు. "త్... త్య. అత్య... వ... స... ర. అత్యవసర. దీ... పం. దీపం." తిరిగి మొదటి నుంచి కలిపి చదివింది. "అత్యవసర దీపం."

"బాగుంది" అన్నారు ఇంజనీరుగారు.

"అత్యవసరం అంటే ఏమి సారూ? మా పక్క ఆ మాట అనం."

"అది లేకపోతే గడవదు అన్నంత అవసరం అని."

అవ్వ ఆ పెట్టె వైపు మళ్లీ చూసింది. "అయితే సరిగ్గానే రాసినారు" అంది, పోయి తన మెట్టు మీద కూర్చుంది.

ముందు నవ్వింది పెద్దమేస్త్రీ. ఆ నవ్వు ఆపుకోలేక దగ్గులోకి మార్చాడు. తర్వాత ఇంజనీరుగారి భుజాలు కదిలాయి. ఆయన చేతిరుమాలు తీసి మెట్టు మీద పరుచుకుని కూర్చున్నారు. పక్కనున్నామె పలక తీసుకుని ఒక అక్షరం రాసి, నర్సమ్మకు చూపించారు.

"ఇది నేర్పావా అమ్మా?"

అది బండి ర.

"లేదండి. ఇప్పుడు ఎవరూ వాడరు గదండి."

"వాడకపోతే మాత్రం? అక్షరమాలలో ఉందా లేదా?" అంటూ ఆయన ర కూ ఱ కూ ఉన్న తేడా మొదలుపెట్టారు. నర్సమ్మ ఊరుకోలేదు. ప్రసవానికి వచ్చినామె చీటీ మీద ఏ ర రాసినా మందు ఒకటేనంది. వాదన పెరిగింది. అవ్వ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "ఉన్నేటివే ఎక్కువై మేం సస్తాంటే పనికిరానివి గూడా యాల సారూ?" అంది. మెట్లన్నీ నవ్వాయి. ఆ పూట గేటు వదలని వాచ్‌మన్ కూడా లోపలికి వచ్చి, భార్య పలక మీద ఏముందో వంగి చూశాడు.

గంట ఎప్పుడు గడిచిందో ఎవరూ చూడలేదు. గడియారం ఇంజనీరుగారి ఒళ్లో బోర్లా పడి ఉంది. నేనే గొంతు సవరించుకుని, "టైము దాటిందండి" అన్నాను. ఆయన తల ఎత్తి దీపాల వైపు చూశారు. మొదట ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

లేచి, రుమాలు దులుపుకుని, పెద్దమేస్త్రీతో అన్నారు. "ఈ మెట్ల మీద మలుపుకు ఒక మామూలు దీపం మధ్యాహ్నం వేసే ఏర్పాటు చేయండి. పగలు దీపమెందుకని అడిగితే, ఇక్కడికి పగలు రాదని నేను రాస్తాను. బ్యాటరీ దీపాలు ఉంటాయి. వాటిని చూసే మనిషీ ఉంటాడు." నా దగ్గర ఆగి, "నెల పరీక్ష ఇకమీదట మధ్యాహ్నం పెట్టు. ఎలాగూ వెలిగిస్తున్నప్పుడు వృథా ఎందుకు?" అన్నారు. అవ్వ మాటనే ఆయన తన మాటగా చెప్పారని నేను గమనించాను గానీ పైకి అనలేదు.

ఆ సాయంత్రం అవ్వ కోడలే స్వయంగా బొరుగులతో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేసింది. పళ్లెం పట్టుకుని గడప దాటి మెట్ల మీదికి వచ్చి, అందరి ముందూ పెట్టింది. ఎవరూ ఎవరింట్లోకీ పోలేదు. ఒక్క పళ్లెంలోంచి అందరూ తీసుకున్నారు. నడిమింటామె కాసేపు చేతులు ముడుచుకుని కూర్చుని, చివరికి బజ్జీ ఒకటి తీసుకుని, కారానికి కళ్లనీళ్లు పెట్టుకుని, నర్సమ్మ అందించిన చెంబులోని నీళ్లు ఎత్తి గటగటా తాగేసింది. తాగాక గాని ఎవరి చెంబో చూసుకోలేదు. చూసుకున్నాక కూడా ఏమీ అనలేదు. పెద్దమేస్త్రీ నన్ను మోచేత్తో పొడిచాడు.

తర్వాతి నెల పరీక్షకు పెద్దమేస్త్రీ కూడా వస్తానన్నాడు. జట్కా దిగాడు. ఆయన వెనక బురఖాలో ఒకామె దిగింది. "మా ఆమె" అన్నాడు, ఎటో చూస్తూ. "ఉర్దూ బాగా చదువుతాది. తెలుగు నేర్చుకుంటానని నెల నుంచి ప్రాణం తీస్తాండాది. ఇంట్లో లాంతరు వెలుతురు సాలదంట." ఆమె సంచీలోంచి కొత్త పలక తీసుకుని, ఎవరినీ అడగకుండా మెట్లెక్కి, అవ్వ పక్కన ఖాళీ చూసుకుని కూర్చుంది.

మలుపులో కొత్తగా పెట్టిన మామూలు దీపం వెలుగుతోంది. నర్సమ్మ ఒత్తులు చెబుతోంది. మెట్లు కింది నుంచి పై దాకా నిండి ఉన్నాయి. నేను మెయిన్ దగ్గర నిలబడి పెద్దమేస్త్రీ వైపు చూశాను. ఆయన తల ఊపాడు. స్విచ్ లాగాను. రిలే టక్‌మంది. మామూలు దీపం ఆరింది, బ్యాటరీ దీపం వెలిగింది.

"వెలిగినాయా?" అని పెద్దమేస్త్రీ పక్క నుంచి గుసగుసగా అడిగాడు.

నేను మెట్ల పైకి చూశాను. కరెంటు పోయిన సంగతి అక్కడ ఎవరికీ తెలియలేదు. ఒక్కరూ పలక మీద నుంచి తల ఎత్తలేదు.